పొగకు దారి లేనప్పుడు

చిలకలూరిపేటలో తిరిగినంతసేపూ కారుకు ఏ లోటూ కనపడదు. తాళం తిప్పగానే స్టార్టవుతుంది, స్లోలో నిలకడగా ఉంటుంది, బజారు సందుల్లో ఒకటో గేరూ రెండో గేరూ మీద ఇబ్బంది లేకుండా పోతుంది. అదే బండిని కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కించండి. యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కినా లాగదు. హైవే మీద అయితే డెబ్భై దాటడానికి మొరాయిస్తుంది. ముందు ప్లగ్గులు మారుస్తారు, తరువాత పెట్రోలు ఫిల్టరు, ఆ తరువాత క్లచ్ ప్లేట్లు అరిగాయంటారు. ఇవన్నీ అయ్యాక కూడా బండి అలాగే ఉంటే, అప్పుడు గాని ఎవరి చూపూ ఇంజన్ వెనక్కి, పొగ బయటికి పోయే దారి మీదికి పోదు. ఆ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ కూర్చుని ఉంటుంది. అది మూసుకుపోయిందో లేదో ఇంటి దగ్గరే, వందల రూపాయల ఖర్చుతో తేల్చవచ్చు. వేల రూపాయల సామాను మార్చేముందు ఆ పరీక్ష చేయాలని గట్టిగా చెప్పడానికే ఈ అధ్యాయం.

ఊళ్ళో బాగున్న బండి కొండ దగ్గర ఎందుకు చతికిలబడుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. 1200 సీసీ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన నిండా గాలి పీలుస్తుంది. నిమిషానికి 3000 చుట్ల వేగంతో, పూర్తిగా తొక్కినప్పుడు అది సెకనుకు దాదాపు 30 లీటర్ల గాలి. మండి బయటికొచ్చే పొగ వేడి 600 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి అదే గాలి వ్యాకోచించి ఇంచుమించు మూడింతలవుతుంది. అంటే సెకనుకు 90 లీటర్ల పొగ సైలెన్సర్ దారిన పోవాలి. స్లోలో ఉన్నప్పుడు ఇంజన్ పీల్చేది సెకనుకు మూడు లీటర్లు కూడా ఉండదు. పదో వంతు పొగకు సగం మూసుకున్న దారైనా చాలుతుంది. మొత్తం పొగకు చాలదు. అందుకే బండి నిలబెట్టి స్లోలో విని "ఇంజన్ బాగానే ఉంది" అని తీర్పు చెప్పడం ఈ జబ్బు విషయంలో పనికిరాదు.

కన్వర్టర్ పైకి స్టీలు డబ్బాలా ఉంటుంది. లోపల కార్డిరైట్ అనే పింగాణీ జాతి పదార్థంతో చేసిన దిమ్మ ఒకటి. దాని ఈ చివర నుంచి ఆ చివరకు తేనెపట్టులా సన్నని గొట్టాలు, ఒక చదరపు అంగుళంలో సాధారణంగా 400. ఒక్కో గొట్టం వెడల్పు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. వాటి గోడల మీద అల్యూమినా పూత, ఆ పూతలో అతి కొద్దిగా ప్లాటినం, పల్లాడియం, రోడియం. పొగ ఈ గొట్టాల్లో ఉండేది సెకనులో పదో వంతు కూడా కాదు. ఆ కాస్త సమయంలోనే కార్బన్ మోనాక్సైడు కార్బన్ డయాక్సైడుగా, మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి నీరుగానూ కార్బన్ డయాక్సైడుగానూ, నైట్రోజన్ ఆక్సైడులు మామూలు నైట్రోజన్‌గా మారిపోతాయి. దిమ్మ 250 నుంచి 300 డిగ్రీలకు వేడెక్కితే గాని ఈ పని మొదలవదు.

ఇంత చిన్న పెట్టెలో ఇంత రసాయనశాస్త్రం ఇమడడానికి చాలా ఏళ్ళు పట్టింది. అమెరికాలో స్థిరపడిన ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రీ 1950లలోనే ఇలాంటి పరికరానికి పేటెంటు సంపాదించాడు. కానీ అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం ఆ లోహాల మీద పొరలా కూర్చుని వాటిని పని చేయనివ్వదు. సీసం లేని పెట్రోలు వచ్చాక, 1975 మోడళ్ళ నుంచి అమెరికా కార్లలో కన్వర్టర్లు మామూలయ్యాయి. మూడు విషవాయువులనూ ఒకేసారి పట్టే రకాన్ని ఎంగెల్‌హార్డ్ కంపెనీలో జాన్ మూనీ, కార్ల్ కీత్ బృందం తయారు చేసింది. మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు ఇది తప్పనిసరి అయింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల నాటికి స్కూటర్లు, మోటారు సైకిళ్ళ సైలెన్సర్లలో కూడా కన్వర్టర్లు మామూలయ్యాయి. పేటలో ఇంటింటికీ ఒకటో రెండో కన్వర్టర్లు ఉన్నాయంటే అతిశయోక్తి కాదు.

పరీక్షలకు ముందు ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. కన్వర్టర్‌కు వచ్చే జబ్బులు రెండు. ఒకటి, పొగ పోతుంది గాని శుభ్రపడదు. లోహాల మీద పొర కట్టి అవి పని మానేశాయి. రెండోది, పొగే పోదు. గొట్టాలు మూసుకుపోయాయి, లేదా దిమ్మ కరిగిపోయింది, విరిగి అడ్డం పడింది. స్కానర్‌లో కనిపించే పీ0420 కోడు మొదటి జబ్బును చెబుతుంది. ఆ కోడు వచ్చిందని దారి మూసుకుపోయినట్టు కాదు, రాలేదని దారి బాగున్నట్టూ కాదు. పొగ పరీక్ష కాగితం కూడా అంతే. బీఎస్-4 తరువాతి పెట్రోలు కార్లకు స్లోలో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. దారి సగం మూసుకున్న బండి ఆ పరీక్ష హాయిగా పాసవుతుంది, ఎందుకంటే పరీక్ష జరిగేదే బండి నిలబెట్టి, ఇంజన్ మీద బరువు లేకుండా. చాలా గ్యారేజీల్లో కోడు చూడగానే కన్వర్టర్ మార్చమంటారు. నా దృష్టిలో అది పరీక్ష చేయకుండానే మందు రాసేయడం.

ఈ పత్తి దేశంలో అన్నిటికంటే ముందు చూడవలసింది ఎయిర్ ఫిల్టరు. పేట చుట్టుపక్కల, గణపవరం వైపు స్పిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. పత్తి సీజనులో జిన్నింగ్ మిల్లుల దగ్గర గాలిలో నూగు తేలుతూ ఉంటుంది. దానికి ఎండాకాలపు దుమ్ము తోడైతే ఫిల్టరు కాగితం మీద పొర పేరుకుపోతుంది. లోపలికి గాలి రాకపోయినా, బయటికి పొగ పోకపోయినా నడిపేవాడికి తెలిసేది ఒకటే: బండి లాగడం లేదు. ఫిల్టరు పెట్టె తెరిచి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. అది శుభ్రంగా ఉన్నాక కూడా బండి తీరు మారకపోతే అప్పుడు వెనక్కి రండి.

ఇప్పుడు అసలు పరీక్ష. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే బ్లూటూత్ పరికరాలు వందల రూపాయల్లోనే దొరుకుతున్నాయి. దానితో ఫోన్‌లో ఇంజన్ అంకెలు కనిపిస్తాయి. చూడవలసింది మానిఫోల్డ్ పీడనం. యాప్‌లలో దీన్ని మ్యాప్ అని చూపిస్తారు, కిలోపాస్కల్‌లలో. పేట సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు, కాబట్టి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఈ అంకె 100 దగ్గర ఉండాలి. అదే బయటి గాలి పీడనం. ఇంజన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, స్లోలో చూస్తే 30 నుంచి 40 మధ్య ఉంటుంది. ఇప్పుడు న్యూట్రల్‌లోనే ఇంజన్‌ను 2500 చుట్లకు తీసుకెళ్ళి కదలకుండా అక్కడే పట్టి ఉంచండి. దారి బాగున్న బండిలో అంకె స్లోలో ఉన్నదాని దగ్గరే, లేదా ఇంకా కింద నిలబడుతుంది. దారి మూసుకున్న బండిలో మొదట కిందికి దిగి, పట్టి ఉంచుతున్నకొద్దీ మెల్లగా పైకి పాకుతుంది. కారణం ఇది: బయటికి పోలేని పాత పొగ కొంత సిలిండర్‌లోనే మిగులుతుంది, తరువాతి విడతలో కొత్త గాలికి చోటు తగ్గుతుంది, చోటు దొరకని గాలి మానిఫోల్డ్‌లో పేరుకుంటుంది. ఓబీడీ లేని పాత బండ్లకు ఇదే పరీక్షను వ్యాక్యూమ్ గేజితో చేస్తారు. మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్న రబ్బరు గొట్టానికి గేజి తగిలిస్తే స్లోలో 17 నుంచి 21 అంగుళాలు చూపాలి. 2500 దగ్గర పట్టి ఉంచితే ముల్లు మెల్లగా పడిపోతూ ఉంటే అనుమానం బలపడినట్టే.

ఈ ఒక్క అంకెతోనే ఫిల్టరు తప్పునూ కన్వర్టర్ తప్పునూ విడదీయవచ్చు. నాకు ఈ పరీక్ష మీద ఇంత ఇష్టం ఉండటానికి కారణం అదే. బండి తక్కువగా తిరిగే పక్క రోడ్డు మీద, రెండో గేరులో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కొన్ని సెకన్లు నడపండి. ఫోన్ పక్కనున్నవారి చేతిలో ఉండాలి, నడిపేవారి కళ్ళు రోడ్డు మీద. గాలి లోపలికి రావడమే కష్టంగా ఉంటే తొక్కినా పీడనం 100 దగ్గరికి చేరదు, బాగా కింద ఆగిపోతుంది. పొగ బయటికి పోలేకపోతే పీడనం 100 దగ్గరికి వెంటనే చేరుతుంది, అయినా బండి లాగదు. మానిఫోల్డ్ నిండా గాలి ఉంది, సిలిండర్‌లో మాత్రం చోటు లేదు. ఇక పెట్రోలు పంపు బలహీనపడితే మూడో రకం గుర్తు కనిపిస్తుంది. పీడనం మామూలుగానే ఉంటుంది గాని, తొక్కినప్పుడు కన్వర్టర్‌కు ముందుండే ఆక్సిజన్ సెన్సర్ 0.1 వోల్టు దగ్గరే పడి ఉంటుంది. మంటకు చాలినంత పెట్రోలు రావడం లేదని దాని అర్థం.

అంకెల మీద నమ్మకం చాలనివారు పీడనాన్ని నేరుగా కొలవవచ్చు. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్‌ను విప్పితే 18 మిల్లీమీటర్ల మర రంధ్రం బయటపడుతుంది. చాలా బండ్లలో సెన్సర్‌కు 22 నంబరు పాన పడుతుంది; ముందు రోజు తుప్పు నూనె కొట్టి ఉంచితే సులువుగా వస్తుంది. ఆ మరకు సరిపడే నిపుల్‌ను ఏ లేతు షాపులోనైనా చేయించుకోవచ్చు. దానికి అర మీటరుకు తగ్గకుండా రాగి గొట్టం, దాని చివర తక్కువ పీడనం చూపే గేజి. టైర్లలో గాలి చూసే గేజి పనికిరాదు, ఇంత చిన్న పీడనానికి దాని ముల్లు కదలదు. స్లోలో 9 కిలోపాస్కల్ దాటకూడదు, 2500 చుట్ల దగ్గర 20 దాటకూడదు. మంచి స్థితిలో ఉన్న బండిలో ఇవి ఇంకా చాలా తక్కువగా ఉంటాయి.

గేజి లేకపోతే తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక గొట్టం ఉంది. దాన్ని యూ ఆకారంలో గోడకు కట్టి సగందాకా నీళ్ళు పోసి, ఒక కొసను రాగి గొట్టానికి తగిలించండి. రెండు వైపుల నీటి మట్టాల మధ్య ఒక మీటరు తేడా వస్తే అది ఇంచుమించు 10 కిలోపాస్కల్. స్లోలోనే ఆ తేడా మీటరు దగ్గరికి వచ్చిందంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. పొగ విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి నీరు ఊగుతుంది, మధ్య మట్టం చూసుకోవాలి. నీటి గొట్టంతో స్లోలో తప్ప ఇంజన్ రేస్ చేయకూడదు, నీళ్ళు ఎగజిమ్ముతాయి. ఇంజన్ ఆపిన వెంటనే గొట్టం ఊడదీయాలి. పొగ చల్లబడి కుదించుకుంటే నీటిని వెనక్కి లాక్కోవచ్చు, ఎర్రగా కాలిన దిమ్మకు నీటిచుక్క తగిలితే పగులుతుంది.

ఈ పని ఆరుబయటే చేయాలి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, షెడ్డులో తలుపు వేసి ఉంటే మనిషిని తెలియకుండానే పడగొడుతుంది. జాకీ మీద లేపిన బండి కిందికి స్టాండు పెట్టకుండా దూరవద్దు. ఈ ప్రాంతంలో ఇంకొకటి చెప్పాలి. మిస్సింగ్ కొట్టే, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండని బండి కన్వర్టర్ ఎర్రగా కాలుతుంది. పత్తి కట్టె మోపుల మీద, దూది పడి ఉన్న నేల మీద, కల్లంలో ఎండు గడ్డి మీద అలాంటి బండిని ఆపితే నిప్పు అంటుకోవడానికి క్షణాలు చాలు. సంవత్సరమంతా చేసిన కష్టం కల్లంలో ఆరబోసి ఉండే రోజుల్లో ఈ జాగ్రత్తను తేలిగ్గా తీసుకోవద్దు.

బయట ప్రచారంలో ఉన్న కొన్ని పరీక్షలకు నేను పెద్ద విలువ ఇవ్వను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కన్వర్టర్ ముందూ వెనకా వేడి చూసి, వెనక ఎక్కువుంటే మంచిదని చెబుతారు. ఇంజన్ శుభ్రంగా మండిస్తే కన్వర్టర్‌కు చేయవలసిన పనే తక్కువ, రెండు వైపులా వేడి దాదాపు సమానంగా ఉండవచ్చు. పైగా మెరిసే స్టీలు మీద ఆ పరికరం తప్పు అంకె చూపుతుంది. కుళ్ళిన గుడ్ల వాసన మాట కూడా పాతబడింది. ఆ వాసన పెట్రోలులోని గంధకం వల్ల వచ్చేది; బీఎస్-3 కాలంలో 150 పీపీఎం దాకా ఉన్న గంధకం బీఎస్-4లో 50కి, బీఎస్-6లో 10కి తగ్గింది. తట్టి చూడటం మాత్రం మంచి పరీక్ష. బండి పూర్తిగా చల్లారాక రబ్బరు సుత్తితో కన్వర్టర్‌ను మెల్లగా తట్టండి. లోపల గలగలమంటే దిమ్మ విరిగింది. చప్పుడు లేకపోతే ఏమీ తేలనట్టే, ఎందుకంటే కరిగి ముద్దయిన దిమ్మ గలగలమనదు.

డీజిల్ బండ్ల కథ వేరు. బీఎస్-6 డీజిల్ బండ్లలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, దాని ముందూ వెనకా పీడనాల తేడాను బండే కొలుచుకుంటుంది. పట్టిన మసి 600 డిగ్రీల దగ్గర కాలిపోవాలి. ఊళ్ళోనే తిరిగే బండి అంత వేడెక్కదు. హెచ్చరిక దీపం వెలగగానే హైవే మీద ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా నడిపితే చాలాసార్లు అదే శుభ్రపడుతుంది. దీపాన్ని వారాల తరబడి పట్టించుకోకపోతే గ్యారేజీకే పోవాలి.

పెట్రోలు బండిలో దారి మూసుకుందని తేలాక అసలు ప్రశ్న మొదలవుతుంది: ఎందుకు మూసుకుంది? కన్వర్టర్ తనంతట తాను మూసుకుపోదు. ఇంజన్ ఏదో పంపితేనే మూసుకుంటుంది. అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది మిస్సింగ్. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది, దిమ్మ వేడి 1000 డిగ్రీలు దాటుతుంది, 1400 దాటితే కార్డిరైటే కరుగుతుంది. గ్యాస్ మీద నడిచే బండ్లలో ప్లగ్గులకు ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే పాత ప్లగ్గులతో వాటిలో మిస్సింగ్ త్వరగా మొదలవుతుంది. మన దగ్గర రెండు పాత అలవాట్లు ఈ హానిని పెంచుతున్నాయి. బ్యాటరీ పడుకున్న కారును మళ్ళీ మళ్ళీ తోసి స్టార్టు చేయడం ఒకటి. ఏ సిలిండర్ పని చేయడం లేదో చూడటానికి నడుస్తున్న ఇంజన్‌కు ప్లగ్గు వైరు పీకడం రెండోది. రెండిట్లోనూ పచ్చి పెట్రోలు నేరుగా కన్వర్టర్‌లోకి పోతుంది. సిలిండర్ పరీక్షకు ప్లగ్గు వైరు కాకుండా ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తే అదే సమాచారం వస్తుంది, పెట్రోలు పోదు. ఈ ఒక్క మార్పు ప్రతి గ్యారేజీలో రావాలని నా కోరిక.

తరువాతది ఆయిల్ తాగే ఇంజన్. ఇంజన్ ఆయిల్‌లో అరుగుదల తగ్గించడానికి కలిపే భాస్వరం, జింకు కాలి బూడిదై గొట్టాల మొదళ్ళలో పేరుకుంటాయి. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే, అదే పీడనానికి దానిలోంచి పోయే పొగ పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే నెలల తరబడి ఏమీ తెలియదు, ఆ తరువాత కొద్ది వారాల్లోనే బండి కదలడం మానేస్తుంది. హెడ్ గాస్కెట్ లీకయి కూలెంట్ సిలిండర్‌లోకి పోయినా ఇలాంటి పొరే కడుతుంది.

కారణం వదిలేసి కన్వర్టర్ మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. ఇంకా విచారకరమైన పరిష్కారం ఒకటి ఉంది: డబ్బా కోసి, దిమ్మను పొడిచి తీసేసి, ఖాళీ డబ్బాను మళ్ళీ అతకడం. బండి లాగుతుంది, నిజమే. ఆ తరువాత అది విడిచే కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులు, బెంజీన్ అన్నీ వెనక మోటారు సైకిల్ మీద తండ్రి ముందు కూర్చున్న పిల్ల పీలుస్తుంది. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద, 2019 సవరణ తరువాత, కాలుష్య ప్రమాణాలు దాటిన బండి నడిపితే మొదటిసారికి మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తీసేసిన దిమ్మ విలువ కూడా యజమానికి చెప్పరు. గుజరాత్, మహారాష్ట్రల్లో ఈకో వ్యాన్ల సైలెన్సర్లను రాత్రికి రాత్రి దొంగలు విప్పుకుపోయింది ఆ దిమ్మలోని లోహాల కోసమే. మార్చవలసి వస్తే పాతదాన్ని అడిగి తీసుకోండి.

కారణం సరిచేసి కొత్త కన్వర్టర్ బిగించాక ఇంకొక పని మిగిలి ఉంటుంది. ఆ వారంలోనే స్లోలోనూ, 2500 చుట్ల దగ్గరా మానిఫోల్డ్ పీడనం చూసి సర్వీసు పుస్తకంలో తేదీతో రాసుకోండి. పొగ పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ చూసి పక్కనే రాయండి. 2500 దగ్గర అంకె ఒకదాని తరువాత ఒకటిగా పెరుగుతూ పోతుంటే, బండి లాగడం మానేసేదాకా ఆగకుండా ప్లగ్గులు విప్పి చూడండి, డిప్ స్టిక్ తీసి ఆయిల్ ఎంత తగ్గిందో చూడండి.